మొహం లేని మనిషి, వల లాగే పాట

మామిడికుదురు సెంటరులో నాకు రేడియో రిపేరు కొట్టు ఉన్న రోజుల్లో, నేను చెప్పినదాంట్లో సగమే నమ్మాలని ఊళ్ళో ఒక ఒప్పందం ఉండేది. ఏ సగమో ఎవరికీ తెలియదు కాబట్టి నాకేమీ ఇబ్బంది లేకపోయింది. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి. రేడియోలు తగ్గి టీవీలు బాగుచేస్తున్నాను. ఆ ఒప్పందం మాత్రం అలాగే ఉంది. అందుకని ముందే చెబుతున్నాను. ఇందులో తాటిచెట్టంత అబద్ధాలు ఒకటో రెండో దొర్లితే దొర్లుతాయి, అలవాటు. వల లాగే పాట సంగతి మాత్రం నిజం. అది ఒక్కటీ ఒప్పించడానికే పెన్ను పట్టుకున్నాను, ఒప్పించేదాకా వదలను.

మా బావమరిది సరుకుల ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. డెబ్భైల చివర్లో ఒకసారి సెలవుకి వస్తూ, జపాను రేవులో కొన్న ట్రాన్సిస్టరు నాకు తెచ్చాడు. అరచెయ్యి వెడల్పు డయలు, మీట తిప్పితే వెన్నలో వేలు పెట్టినట్టు కదిలేది. పెట్టెలో అది అటూ ఇటూ కదలకుండా పక్కన ఒక లావుపాటి బొమ్మల పుస్తకం ఇరికించాడు. అది ఏమిటని అడిగితే, ఓడలో ఎవరో పారేస్తే తీసుకున్నానన్నాడు. నేనూ దాన్ని తీసి బల్ల కింద పడేశాను. పరాయి దేశపు ఇటుకరాయిలా కనిపించింది నాకు.

కొట్టు వెనక రెండు కొబ్బరిచెట్లుండేవి. చెట్లెక్కి కాయల దింపు తీసే ఆయన్ని బతిమాలి ఆ రెంటి మధ్యా రాగితీగ కట్టించాను. ఆ తీగతో షార్టువేవులో నాకు దొరకని దేశం లేదు. ఆ చెట్ల బొండాలు తాగితే జపాను భాష వస్తుందని సెంటరులో చెప్పాను. ఇద్దరు నిజంగానే తాగి చూశారు. ఒకాయనకి రెండు మాటలు వచ్చాయని ఇప్పటికీ అంటాను, ఆయన కాదంటాడు.

జపాను వాళ్ళు విదేశాల కోసం చేసే ప్రసారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అందేది. ఇంగ్లీషులో వార్తలు, తర్వాత గురువారం గురువారం పల్లెపాటలు. మొదటిసారి విన్నప్పుడు స్టేషను జారిపోయిందేమో అనుకుని మీట పట్టుకున్నాను. జారలేదు. ఎవరో మూడు తీగల వాయిద్యాన్ని మీటుతున్నారు. మీటడం కాదు, కొడుతున్నారు, తోలు మీద వడగళ్ళు పడుతున్నట్టు. దాని మీద ఒక ముసలి గొంతు లేచింది. పైకి వెళ్ళి అక్కడ ఆగి, విరుగుతుందనుకునేలోపు చిన్న మెలిక తిరిగి కిందికి దిగింది. పాట అయ్యాక నా చేతిలో సోల్డరింగ్ ఐరన్ చల్లారిపోయి ఉంది. ఎవరిదో రేడియో పొట్ట విప్పుకుని ఎదురుగా అలాగే పడుకుని ఉంది.

మా నాన్నగారు మిషన్ బడిలో మాస్టారు, ఆదివారాలు గుడిలో హార్మోనియం వాయించేవారు. ఆయన తర్వాత ఆ పెట్టె నా ఒళ్ళోకొచ్చింది. గురువారం విన్న పాట శుక్రవారం, శనివారం దాని మీద వెతుక్కునేవాణ్ణి. ఐదే ఐదు స్వరాలు. మిగతావాటి జోలికి పోవు, పోవలసిన పనీ లేదన్నట్టు ఉంటాయి. ఒక ఆదివారం కానుకలు పట్టే సమయంలో ఒక కోతపాటను మెల్లగా వాయించాను. పాస్టరుగారు ఆరాధన అయ్యాక నన్ను పిలిచి, ఆ కొత్త కీర్తన ఎక్కడిదో చాలా ఆత్మీయంగా ఉందన్నారు. విదేశీ మిషను వాళ్ళదండీ అన్నాను. అప్పటినుంచి మా గుడిలో కానుకల వేళకి జపాను వరి కోస్తూనే ఉన్నారు.

మా కొట్టు మెట్టు మీద రోజూ సాయంత్రం ఒకావిడ కూర్చునేవారు. అంతర్వేది వైపు నుంచి ఉదయాన్నే చేపల గంపతో వచ్చి, ఊళ్ళన్నీ తిరిగి అమ్ముకుని, ఖాళీ గంప పక్కన పెట్టుకుని బస్సు కోసం ఆగేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. పిన్నిగారూ అనేవాణ్ణి. మా నాన్నగారి పుణ్యాన ఆవిడ నన్ను మేస్టారూ అనేవారు, నేనెవరికీ అక్షరం ముక్క చెప్పకపోయినా. రేడియో ఎవరు పాడినా ఆవిడ ఇటు తిరిగేవారు కాదు. రోడ్డు చూసుకుంటూ కూర్చునేవారు.

ఒక గురువారం కొత్త పాట వచ్చింది. ఒకాయన ఎత్తుకుంటే పదిమంది అందుకుంటున్నారు. మధ్యలో ఒక కేక, కేక దగ్గర అందరి ఊపిరీ ఒకేసారి ఆగి ఒకేసారి విడుస్తున్నారు. నేను నోరు తెరుచుకుని వింటున్నాను. ఆవిడ అటే చూస్తూ అన్నారు.

"ఇది వల లాగే పాటండి."

"జపాను పాట పిన్నిగారూ. మీకెలా తెలుసు?"

"బరువెక్కడ పడతందో ఇనపడతల్లేదా అండి? ఇదిగో, ఇక్కడ తాడు నడుంకి తగిలింది. ఇక్కడ వదిలేరు."

నేను నవ్వాను కానీ ఊరుకోలేదు. ప్రసారం ఎలా వినపడుతోందో రాసి పంపితే ఆ రేడియో వాళ్ళు బొమ్మల కార్డులు పంపేవారు. ఆ వారం ఉత్తరంలో పాట సంగతి కూడా అడిగాను. నెలన్నరకి కార్డుతోపాటు రెండు ముక్కలు వచ్చాయి. అది వాళ్ళ ఉత్తరపు తీరంలో చేపలవాళ్ళు వల లాగుతూ పాడుకునే పాట. కార్డు చదివి వినిపిస్తే ఆవిడ "ఆయ్" అని ఊరుకున్నారు, చేప తాజాదో కాదో అడిగితే చెప్పినట్టు. ఆ రోజు నుంచి గురువారం ప్రసారానికి ఆవిడ కోసం మెట్టు తడిగుడ్డతో తుడిచి ఉంచేవాణ్ణి.

ఆ వర్షాకాలంలో పని లేక బల్ల కింద ఇటుకరాయి పైకి తీశాను. ఉప్పు పొట్లాలు కట్టే కాగితం లాంటి కాగితం. మాటలన్నీ వాళ్ళ అక్షరాలు, పురుగులు బారులు తీరినట్టు. కానీ బొమ్మలు! ఒక పేజీ అంతా నలుపు, మూలన వేలిగోరంత తెల్లని చెయ్యి. మరో పేజీలో ఊరికే తలుపు, తలుపు కింద నుంచి నీళ్ళు. మన దగ్గర దెయ్యమంటే గజ్జెలు, కేకలు, తెల్లచీర. ఇందులో అరుపు లేదు. చెంబులో నీళ్ళు ఉన్నట్టు భయం ఊరికే ఉంటుంది, మనమే దాని దగ్గరికి వెళ్ళి తొంగిచూడాలి. పట్టపగలు, వాన పడుతుంటే, ఎదురుగా టీ హోటల్లో జనం ఉండగా నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. అంత ఆనందం నాకు సినిమా హాల్లో కూడా ఎప్పుడూ కలగలేదు. ఇంటికి పట్టుకెళితే మా ఆవిడ రెండు పేజీలు తిప్పి, ఇది ఇంట్లో ఉంటే నేనుండనంది. పుస్తకం కొట్టులోనే ఉండిపోయింది.

కథ నేను బొమ్మల్ని బట్టి కట్టుకున్నాను. మొదట సముద్రపు ఒడ్డున ఖాళీ ఇల్లు, ఇంటినిండా నీళ్ళు. తర్వాత పేజీలో దూరంగా రెండు నల్లని ఆకారాలు, ఇసుక మీద అడుగులు. ఒకావిడ, జుట్టు ముగ్గుబుట్ట. పక్కన మగమనిషి, వాడికి మొహం లేదు. కోడిగుడ్డు పెంకులా నున్నగా ఉంటుంది. సముద్రంలోంచి చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇంటికొచ్చారు. అక్కడి నుంచి రోజూ చీకటిపడే వేళకి వాడు తడి బట్టలతో తలుపు దగ్గర నిలబడతాడు. వచ్చినప్పుడల్లా వాడికి మొహంలో ఒకటొకటీ తిరిగి వస్తుంది. ఆవిడ జుట్టు కొంచెం కొంచెం నల్లబడుతుంది. తర్వాత పెద్ద తుఫాను, పడవ తిరగబడి మళ్ళీ నిలబడటం. ఆఖరికి వాడు పూర్తి మొహంతో, భుజాన వలతో, చేతిలో గంపతో గుమ్మంలో నిలబడతాడు. ఆవిడ పడుచుపిల్ల. ఆ తర్వాతి కొన్ని పేజీలు ఊరించుకుంటూ చూడకుండా దాచుకున్నాను.

దీన్ని నేను సెంటరులో రోజుకింత చొప్పున చెప్పడం మొదలుపెట్టాను. చదివి చెబుతున్నానని అన్నాను, బొండాల మహిమ. టీ హోటలు జనం సాయంత్రం నా కొట్టు ముందుకు వచ్చేసేవారు. హోటలాయన పెద్ద వేళాకోళం మనిషి, బజ్జీలు వేస్తూనే అక్కడి నుంచి అడిగేవాడు.

"ఏవండీ, ఇవాళ ముక్కొచ్చిందాండి?"

"ముక్కొచ్చింది. రేపు ఎడమకన్ను."

"ఏవయినా మనాడికి జలుబు ఖాయవండి, రోజూ తడిబట్టలే కదా."

అందరూ నవ్వేవారు. పిన్నిగారు నవ్వేవారు కాదు. రెండో రోజు నుంచీ ఆవిడ మెట్టు మీద ఇటు తిరిగి కూర్చున్నారు. బొమ్మ చూపించమని అడిగేవారు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేవారు. రెండు బస్సులు వదిలేసుకుని మూడోదానికి వెళ్ళేవారు.

సంగతి నాకు హోటలాయనే చెప్పాడు. మూడేళ్ళ కిందట తుఫాను ముందురోజు ఆవిడ భర్త వేటకి వెళ్ళాడు. పడవలో మిగతా ఇద్దరు దొరికారు. ఆయన దొరకలేదు. శవం కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు. అలాంటప్పుడు వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. దర్భలతో మనిషిని చేసి, ఆ బొమ్మకి కర్మ జరిపి సముద్రంలో వదులుతారు. చివర పోయిన మనిషి పేరున ఒడ్డునించి అలివి వల, అంటే రెండు పక్కలా తాళ్ళు పట్టుకుని ఊరంతా కలిసి లాగే పెద్దవల, ఒక్కసారి లాగుతారు. అది జరిగితే ఆయన పోయినట్టు. ఆవిడ మాత్రం ఇంకా బొట్టు పెట్టుకుంటున్నారు, గాజులు వేసుకుంటున్నారు. మరిది, పెద్దలు ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. ఇప్పుడు కొత్తగా ఒక మాట అంటున్నారట. మేస్టారు చెప్పే జపాను కథ చివర ఏమవుతుందో తెలిశాక చెబుతాననీ, అంతవరకూ దర్భ ముట్టొద్దనీ.

నాకు నవ్వు రాలేదు. జీవితంలో ఎన్నో కోతలు కోశాను, ఏ కోత మీదా ఎవరూ తమ ఇంటి దూలం పెట్టుకోలేదు. ఇదే మొదటిసారి.

సరే, చివర చూద్దామని ఆ పూటే పుస్తకం తీశాను. గుమ్మంలో నిలబడిన బొమ్మ తర్వాత ఏమీ లేదు. ఎనిమిదో తొమ్మిదో కాగితాలు కుట్టు దగ్గరికి చిరిగి ఉన్నాయి. ముందురోజు సామాన్లకి అమలాపురం వెళ్ళినప్పుడు కొట్టు తాళం హోటలాయనకి ఇచ్చాను. వెళ్ళి అడిగాను. ఆయన తడుముకోలేదు. కాగితాలు అయిపోతే బజ్జీల కోసం కొన్ని చింపాడట.

"కథ చింపలేదండి. ఆఖరి పేజీలే. మన పుస్తకాల్లో ఆఖర్న తలనొప్పి మాత్రల ప్రకటనలే కదండీ ఉంటాయి?"

ఆయన్ని ఏమనాలి? నేనైనా అవే చింపేవాణ్ణి. చెత్తబుట్ట తిరగేశాం ఇద్దరం. నూనె మరకలో ఒక కాలి బొటనవేలు దొరికింది, అంతే.

ఇక ఊరుకోకూడదనుకున్నాను. నాకు రేడియో రిపేరు ఒక్కటే బాగా వచ్చు. దాంట్లో నేర్చుకున్నది ఒకటే. ఎక్కడ తెగిందో దొరికేదాకా తీగ వదలకూడదు. బావమరిది ఓడ ఎక్కడుందో తెలియదు. ఆ రేడియో వాళ్ళ చిరునామా ఒక్కటే నా దగ్గర ఉంది. సర్క్యూటు బొమ్మలు గీసే పల్చని కాగితం పుస్తకం మీద పరిచి, మూడు రోజులు కూర్చుని పదకొండు బొమ్మలు దింపాను. మొహం లేనివాణ్ణి గీసేటప్పుడు కొట్టు తలుపులు రెండూ బార్లా తెరిచి పెట్టుకున్నాను, అదీ మధ్యాహ్నం పన్నెండింటికి. నా ఇంగ్లీషు రేడియో విడిభాగాల కేటలాగుల్లో నేర్చుకున్నది. అందుకని ఉత్తరం కూడా, ఫలానా కథకు చివరి భాగం లోపించినది, వెంటనే సరఫరా చేయగలరు అన్న ధోరణిలో నడిచింది. కింద మాత్రం ఒక వాక్యం నా సొంతంగా రాశాను. దీని కోసం ఒకావిడ ఎదురుచూస్తున్నారని.

ఒక నెల గడిచింది. సెంటరులో చివర ఏమైందని అడిగిన ప్రతివాడికీ, జపాను నుంచి రావాలి అని నిజమే చెప్పాను. నా మొహాన నిజం ఎవరూ నమ్మలేదు. కథ అయిపోతే జనం పోతారని సాగదీస్తున్నానన్నారు. మళ్ళీ రాశాను. మూడోసారి కూడా రాశాను. పోస్టుమాస్టరుగారు, జపానులో మీకేమైనా పిల్లని చూశారాండీ అని ఆరా తీశారు. పిన్నిగారి వాళ్ళ పెద్దలు కర్మ కార్తీకం దాటనిచ్చేది లేదన్నారు. ఆవిడ ఒక్కసారైనా నన్ను తొందరపెట్టలేదు. గురువారం పాట వినేవారు, బస్సెక్కేవారు.

ఉత్తరం కార్తీకంలో వచ్చింది. రేడియోలో ఉత్తరాలు చూసే ఒకావిడ, చేత్తో, చిన్నపిల్లలకి చెప్పినట్టు విడివిడి అక్షరాలతో రాసింది. నా బొమ్మలు బాగున్నాయంది. ఆ పుస్తకం అక్కడ కొట్లలో దొరుకుతుంది, తనూ చదివింది. తర్వాత రాసింది రెండుసార్లు చదివాను. వాళ్ళ పుస్తకాలు కుడివైపు నుంచి తెరుస్తారు. నేను మొదటి పేజీ అనుకున్నది ఆఖరి పేజీ. మొహం లేనివాడికి మొహం రావడం లేదు, పోతోంది. వాడు గుమ్మంలో నిలబడింది ఇంటికి రావడానికి కాదు, వేటకి వెళ్ళడానికి. తుఫానులో పోయాడు. పోయినవాడు రోజూ వస్తుంటే తలుపు తీసి తీసి ఆవిడ జుట్టు తెల్లబడింది. చివరికి వాడి చెయ్యి పట్టుకుని తనూ సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఆ ఖాళీ ఇల్లే కథకి చివర. మరి బజ్జీలు కట్టిన పేజీలు? అవి కథకి మొదలు. ఆ ఇద్దరి పెళ్ళి. అంటే మా సెంటరంతా తెలియకుండానే వాళ్ళ పెళ్ళిభోజనం తిన్నాం.

కథగా చూస్తే ఎంత గొప్ప కథ అది! నెలల తరబడి తలకిందులుగా పట్టుకుని కూడా దాని భయం నాకు అందింది. ఇప్పుడు సరిగ్గా పట్టుకుంటే వేలు కాలుతోంది. ఆ గొప్పతనం ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవలసింది ఆవిడకే, అదే చిక్కు.

సాయంత్రానికల్లా నిశ్చయించుకున్నాను. జీవితమంతా ఉత్తపుణ్యానికి అబద్ధాలాడాను, ఒక్కసారి పనికొచ్చే అబద్ధం ఆడలేనా? ఉత్తరం డ్రాయరులో పెట్టి తాళం వేశాను. ఆవిడ రాగానే జపాను నుంచి చివర వచ్చిందన్నాను. గుమ్మంలో నిలబడినవాడు లోపలికి వచ్చాడు, వల దండెం మీద వేశాడు, అన్నం తిన్నాడు, మళ్ళీ ఎన్నడూ వేటకి వెళ్ళలేదు. ఇద్దరూ ఒడ్డున కొబ్బరి మొక్కలు వేసుకున్నారు. జపానులో కొబ్బరి మొక్కలేమిటని నాకే అనుమానం వచ్చింది కానీ గొంతు తొట్రుపడకుండా ముగించాను. అంత నికార్సైన అబద్ధం అంతకుముందు నేను ఆడలేదు.

ఆవిడ అంతా విన్నారు. పుస్తకం ఇమ్మన్నారు. ఒళ్ళో పెట్టుకుని కుడివైపు నుంచి తెరిచారు.

"ఈడి బుజం మీద వల సూడండి మేస్టారూ. పొడిగా, మడత మీదుంది. సేతిలో గంప కాళీ. ఏటకెల్లొచ్చినోడి గంప కాళీగా ఉంటాదాండి?"

ఆవిడ చివరిదాకా తిప్పి, ఇసుక మీద అడుగుల బొమ్మ దగ్గర వేలు పెట్టారు.

"కాలేళ్ళు ఎటున్నాయి? నీళ్ళేపున్నాయి. మీరు సదువుకున్నోరు, ఎడం పక్కనుంచి ఎల్లిపోతారు. నాకు సదువు లేదు. అడుగులెటెల్తే అటే ఎల్తాను."

"ఎప్పుడు తెలిసింది పిన్నిగారూ?"

"రెండోనాడేనండి."

మరి ఇన్నాళ్ళూ ఎందుకు విన్నారని అడిగాను. ఆవిడ చెప్పారు, పుస్తకం మూస్తూ. "మీరు సెప్తంటే రోజూ ఇంటికొస్తన్నాడు కదండి. బాగుందండి ఇనడానికి. అయిపోయిందని నా నోటితో నేననలేక, మీరంటారేమోనని సూశాను. మీరూ అనలేదు." గంప ఎత్తుకుని నిలబడ్డారు. "పోన్లెండి. నేనే అంటాను."

డ్రాయరు తాళం తీసి ఉత్తరం చూపించాను. అక్షరం తెలియని ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, అంత దూరం నుంచి ఒక ఆడమనిషి తన కోసం రాసిందా అని అడిగి, మడిచి బొడ్డున దోపుకున్నారు. తర్వాత ఒక కోరిక కోరారు. కర్మ వచ్చే గురువారం పెట్టిస్తారట. చివర లాగే వల ఆ జపాను పాటతో లాగాలట. మామూలు పాట ఆయన రోజూ పాడినదే, ఆయనకి కొత్త పాటంటే ప్రాణం. ప్రతి గురువారం ఆ పాట వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, అది నాకు తెలుసు. అయినా తప్పకుండా వినిపిస్తానన్నాను. ఆ రోజే జపానుకి తంతి పంపాను, ఫలానా పాట ఫలానా రోజున వేయవలసిందని. తంతి బల్ల దగ్గర గుమాస్తా నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

గురువారం మధ్యాహ్నానికే ట్రాన్సిస్టరు, కొత్త బ్యాటరీలు, కొబ్బరిచెట్ల మీది రాగితీగ మొత్తం చుట్టుకుని వాళ్ళ ఊరి రేవుకి చేరాను. సరుగుడు చెట్టుకి ఒక కొస, ఒడ్డుకి లాగిన పడవ తెరచాప కొయ్యకి రెండో కొస కట్టాను. కొయ్య నేనే ఎక్కాను. మోకాళ్ళు రెండూ చీరుకుపోయాయి. దర్భమనిషిని పంచెలో చుట్టి పడవలో తీసుకెళ్ళి వదిలి వచ్చారు. ఆవిడ నుదురు ఖాళీగా ఉంది. నన్ను చూసి తలూపారు.

పొద్దు వాలుతుండగా వల వేసి వచ్చారు. రెండు తాళ్ళకీ ఇరవై ఇరవై మంది నిలబడి, తాడు నడుముకి ఆనించి నావైపు చూస్తున్నారు. మీట తిప్పాను. బుసబుస. అదే సముద్రమో రేడియోనో తెలియని బుస. వెనక్కి, ముందుకి, వెంట్రుకవాసి కదిలించాను. తీగ చేత్తో పట్టుకున్నాను. ఒక క్షణం వార్తలు చదివే గొంతు తేలి మునిగిపోయింది. అంతే. కెరటం వలని లోపలికి గుంజుతోంది. తాళ్ళు బిగిశాయి. మరిది నావైపు తిరిగి, ఇంక ఆగలేమండీ అన్నాడు.

రేడియో ఆపలేదు, దాని గొంతు పెంచాను. దాని మీదికి వంగి, దాని వెనక మొహం దాచుకుని నేనే ఎత్తుకున్నాను. ఏడాదిగా హార్మోనియం మీద వెతికిన ఐదు స్వరాలు ఉన్నాయి. మాటలు రావు, వచ్చినట్టే పాడాను. ఆ ముసలాయన మెలిక తిప్పే చోట నేనూ తిప్పాను. కేక దగ్గర నలభై నడుములు ఒకేసారి వెనక్కి వాలాయి. రెండో చరణానికి వాళ్ళు కేక అందుకున్నారు. మధ్యలో ఉప్పుగాలి గొంతుకి అడ్డం పడి దగ్గాను, మింగి మళ్ళీ అందుకున్నాను. వల ఒడ్డు చేరేదాకా, కళ్ళు పచ్చబడేదాకా ఆపలేదు. ఆయన పేరున పడ్డ చేపలు ఆనవాయితీ ప్రకారం వచ్చినవాళ్ళందరికీ పంచారు. నాకు రెండు కొయ్యింగ చేపలు వచ్చాయి.

ఆ రోజు నుంచి అంతర్వేది వైపు ఎవరిని అడిగినా చెబుతారు, పోయిన మనిషి కోసం జపాను రేడియో స్వయంగా పాడిందని. తంతి అందుకుని సరిగ్గా ఆ గడియకి వేశారని. పాడింది నేను బాబూ అంటే, మేస్టారు మళ్ళీ మొదలెట్టేరండీ అని నవ్వుతారు. హోటలాయనైతే ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒక బజ్జీ ఎక్కువ వేస్తాడు, కోత బాగుందని.

పది రోజుల తర్వాత పిన్నిగారు గంపతో మళ్ళీ మెట్టు మీదికొచ్చారు. ఆవిడ దగ్గర దాచడం దేనికని, ఆ పూట రేడియో పలకలేదండీ, పాడింది నేనేనన్నాను.

"ఆయ్, తెలుసండి," అన్నారు రోడ్డు చూస్తూ. "రేడియో అయితే మధ్యలో దగ్గదు కదండి."